నలుపు-ఎరుపు కుండలు జనం ముందు కాల్చి చూపాలంటే

గుంటూరు దగ్గర హైస్కూలులో సోషల్ చెప్పే మాస్టారు అడిగినది క్లుప్తంగా ఇది. సంక్రాంతి సెలవులయ్యాక బడి మైదానంలో ‘శాతవాహనుల రోజు’ పెట్టాలనుకుంటున్నారు. పిల్లలకు వేషాలు, సీసం కరిగించి నాణేలు పోయడం, తాటాకు మీద రాత, ఆనాటి వంట, కుండలు కాల్చడం, అన్నీ ఒక్క రోజులోనే. ఊళ్లోవాళ్లంతా వస్తారు. దీన్ని ప్రయోగాత్మక పురావస్తు శాస్త్రం (పాతకాలపు పనులను మళ్లీ చేసి, కొలిచి తెలుసుకునే పద్ధతి) అనొచ్చా, ఏమేం సిద్ధం చేసుకోవాలి అని.

మాస్టారూ, కుండలు కాల్చడం ఒక్కటే అసలు కార్యక్రమంగా పెట్టుకోండి. తక్కినవి పక్కన చిన్న బల్లల మీద ఉంటే చాలు. ఒక్క రోజులో అయ్యే పని కాదు, శని, ఆదివారాలు రెండూ కావాలి. శనివారం సాయంత్రం కాల్చిన కుండను ఆదివారం పొద్దుటిదాకా కదపకూడదు. ఎందుకో కింద చెప్తాను.

పాత బట్టలు కట్టుకుని పాత పద్ధతిలో కుండ చేసి చూపిస్తే అది ప్రదర్శన. మంచిదే, కానీ ప్రయోగం కాదు. ప్రయోగమంటే జవాబు ముందే తెలియని ప్రశ్న ఒకటుండాలి. మన అంచనాను నిప్పు పెట్టకముందే రాసి పెట్టాలి. ఒక్క విషయం మాత్రమే మార్చి తక్కినవన్నీ ఒకేలా ఉంచాలి. కొలవాలి. పాడైనవాటిని కూడా లెక్కలో రాయాలి. ఇంగ్లండులో బట్సర్ దగ్గర పీటర్ రేనాల్డ్స్ 1972లో మొదలుపెట్టిన వ్యవసాయ క్షేత్రంలో ధాన్యాన్ని గోతుల్లో నిల్వచేసి చూశారు. మూత బిగించిన గోతిలో గోడవారన ఉన్న గింజలు మొలకెత్తి లోపలి ఆక్సిజన్ వాడేసుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది, నడుమ ధాన్యం చెడకుండా ఉంటుంది. మన పాతర ఎలా పనిచేసేదో అర్థం చేసుకోవడానికీ ఇది పనికొస్తుంది. తవ్వకంలో దొరికేది ఖాళీ గొయ్యి మాత్రమే. అది ఎలా పనిచేసిందో చెప్పింది ప్రయోగం.

మీకు సరిపోయే ప్రశ్న చేతికందే దూరంలోనే ఉంది. ధరణికోట, అమరావతి ప్రాంతంలోనూ, దక్షిణ భారతంలోని బృహత్ శిలాయుగపు (పెద్ద బండలతో కట్టిన) సమాధుల్లోనూ నలుపు-ఎరుపు మృణ్మయ పాత్రలు దొరుకుతాయి. లోపలంతా నలుపు, బయట మూతి అంచు దగ్గర కొంత నలుపు, కింద అంతా ఎరుపు. రెండు రంగులు పూసినవి కావు, కాల్చడంలో వచ్చినవి. ఎలా వచ్చాయన్నదే ప్రశ్న. ముఖ్యంగా రెండు వాదాలున్నాయి. ఒకటి, కుండను బోర్లించి, లోపల ఊకో గడ్డో కూరి ఒకేసారి కాల్చారని. రెండోది, ముందు ఎర్రగా కాల్చి, వేడిమీదే తీసి ఊకలో బోర్లించారని. రెండోది పిల్లల మధ్య చెయ్యొద్దు. ఏడెనిమిది వందల డిగ్రీల కుండను పొడవు పటకారుతో ఎత్తడం అనుభవమున్న పెద్దల పని, అదీ జనం లేనప్పుడు. మీరు మొదటిదాన్ని పరీక్షించండి.

దీని వెనక ఉన్న రసాయనం పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేదే. మన మట్టిలో ఇనుము ఉంటుంది. వేడిలో గాలి బాగా తగిలితే అది ఎర్రటి ఆక్సైడ్ అవుతుంది. గాలి అందక పొగ, కార్బన్ మోనాక్సైడ్ చుట్టుముడితే ఆక్సిజన్ కోల్పోయి నలుపు తిరుగుతుంది. దానికితోడు పొగలోని కార్బన్ మట్టి రంధ్రాల్లోకి ఇంకుతుంది. అంటే ఒకే కుండకు ఒకే సమయంలో బయట గాలి కావాలి, లోపల గాలి ఉండకూడదు. కష్టమంతా ఇక్కడే.

మట్టి దగ్గర నుంచి వద్దాం. పొలంలోని నల్లరేగడిని నేరుగా తెచ్చి వాడితే ఆరేటప్పుడే పగుళ్లిస్తుంది, ఎందుకంటే తడిస్తే ఉబ్బి, ఆరితే బాగా కుంచించుకుపోయే రకం బంకమట్టి అది. పైగా అందులో తెల్లటి సున్నపు గులకలు ఉంటాయి. సుమారు 800 డిగ్రీలు దాటితే ఆ గులక కాలిన సున్నమవుతుంది. కుండ చల్లారాక గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఆదివారం చక్కగా ఉన్న గిన్నె బుధవారానికి పెచ్చులు లేచి, ప్రతి పెచ్చు వెనకా తెల్లచుక్క కనిపిస్తే కారణం ఇదే. మట్టి నీళ్లలో నానబెట్టి పలుచగా చేసి సన్న జల్లెడలో వడకట్టండి. ల్యాబులోని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసినప్పుడు మట్టి బుసబుసా పొంగితే ఆ మట్టి మానెయ్యండి. ఈ తంటాలేవీ వద్దనుకుంటే కుమ్మరుల దగ్గర తొక్కి సిద్ధం చేసిన చెరువుమట్టి కొనుక్కోండి. అదే మంచిది.

ఆరేటప్పుడూ కాలేటప్పుడూ పగలకుండా మట్టి అయిదు పాళ్లకు ఒక పాలు సన్న ఇసుక కలపండి. పాత కుండపెంకులు దంచి కలపడమూ పద్ధతే, అయితే ఇంట్లో పగిలిన కొత్త కుండ పెంకులే వాడాలి. పాటిదిబ్బల (పాత ఊళ్లు ఉండిన దిబ్బల) మీద ఏరుకొచ్చిన పెంకు ఒక్కటి కూడా దంచకూడదు, అసలు ఏరుకురాకూడదు. పాటిమట్టి బండ్లకెత్తి పొలాలకు తోలడంతో ఎన్ని దిబ్బలు పోయాయో మన జిల్లాలో అందరికీ తెలుసు. బడి పిల్లలు ఆ పని నేర్చుకోకూడదు.

కలిపిన మట్టితో పొడవాటి బిళ్ల చేసి, దానిమీద 10 సెంటీమీటర్ల గీత గీసి ఆరబెట్టండి. ఆరాక గీత 9 సెంటీమీటర్ల కన్నా తగ్గితే ఇసుక ఇంకాస్త పెంచాలి.

పెద్ద కుండల జోలికి వెళ్లొద్దు. 12 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు గిన్నెలు చాలు, బోర్లించడానికీ తేలిక. ఒక్కోదానికి దాదాపు 400 గ్రాముల తడిమట్టి పడుతుంది. 24 గిన్నెలు కాలుస్తారు, పగిలేవాటికి మరో ఆరు కలుపుకుని మొత్తం 30 చేయించండి. 15 కిలోల మట్టి తెచ్చుకుంటే కొంత మిగులుతుంది. గోడ మందం 5 నుంచి 7 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకన్నా ముఖ్యంగా అంతటా ఒకేలా ఉండాలి. అడుగు లావుగా, గోడ పలుచగా ఉంటే సరిగ్గా ఆ కలిసే చోటే పగులుతుంది. తోలు గట్టితనానికి ఆరినప్పుడు (వంగకుండా గట్టిపడి, ఇంకా కాస్త తడి ఉన్నప్పుడు) నున్నటి గులకరాయితో లోపలా బయటా మెరుగు పెట్టించండి. ఆ మెరుగుతోనే పాత గిన్నెల నిగనిగ వస్తుంది. పూర్తిగా ఆరాక రుద్దితే గీతలు పడతాయి తప్ప మెరుపు రాదు.

నీడలో పది రోజులు ఆరాలి. మొదటి మూడు రోజులు తడిగుడ్డ కప్పి, తరవాత తీసెయ్యండి. ఆరిందో లేదో చేత్తో చూసి నమ్మొద్దు, వంటింటి త్రాసులో తూచండి. వరసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టు. జనవరి పొద్దుటి మంచు తేమ మళ్లీ పీలుస్తుంది కాబట్టి చివరి రెండు రోజులు ఎండలో పెట్టి రాత్రికి లోపలికి తీసుకోవాలి.

ఇప్పుడు ప్రయోగం అమరిక. 24 గిన్నెలను ఎనిమిదేసి చొప్పున మూడు జట్లు చెయ్యండి. మొదటి జట్టు: బోర్లించి, లోపల ఊక, పేడపొడి గట్టిగా కూరినవి. రెండోది: బోర్లించి, లోపల ఖాళీగా ఉన్నవి. మూడోది: మూతి పైకి ఉన్నవి, ఖాళీవి. అన్నీ ఒకే మట్టి, ఒకే చెయ్యి, ఒకే మంట. పచ్చిగా ఉన్నప్పుడే అడుగున జట్టు గుర్తు, వరస సంఖ్య, సంవత్సరం లోతుగా గీయండి. రేపెవరో ఒకరు దీన్ని పాతదని అమ్మడానికి చూడకుండా ఆ సంవత్సరమే కాపలా. ఏ జట్టు ఏ రంగు వస్తుందో పిల్లలూ, వచ్చిన ఊరివాళ్లూ నల్లబల్ల మీద రాయాలి. నిప్పు పెట్టగానే బల్ల ఫొటో తీసి, ఇక దిద్దనివ్వకూడదు.

గొయ్యి 1.2 మీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు. ముందురోజు అందులో గడ్డి, చిదుగులు వేసి ఓ గంట మండించి నేల ఆరబెట్టండి. ఇది మానేస్తే నేలలోని తేమ ఆవిరై కింది వరస గిన్నెలను పేల్చేస్తుంది. ఇంధనానికి నూరు, నూటపాతిక ఎండు పిడకలు, రెండు మోపుల వరిగడ్డి, పది కిలోల ఊక. పత్తికంప కొంత వాడొచ్చు. మిరపకంప మాత్రం వద్దే వద్దు. చెట్టుకు మిగిలిన ఎండుకాయలు కాలితే ఆ ఘాటుకు మైదానంలో ఒక్కరు నిలవరు, ఉబ్బసమున్న పిల్లలకు ప్రమాదం కూడా. పురుగుమందు కొట్టిన కంప పొగ ఏదైనా పిల్లలకు మంచిది కాదు, కాబట్టి పిడకలు, గడ్డితోనే సరిపెట్టడం నయం.

శనివారం రెండున్నరకు చిన్న నిప్పు వేసి, దాని చుట్టూ అడుగున్నర దూరంలో గిన్నెలు పేర్చి, పావుగంటకోసారి తిప్పుతూ గంటకు పైగా వెచ్చబెట్టండి. మట్టిలో మిగిలిన నీళ్లు నూరు డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి. అది నిదానంగా పోవాలి. పేలిపోయే గిన్నెల్లో ఎక్కువ భాగం 600 డిగ్రీల మంటలో కాదు, ఇక్కడే, తొందరపాటువల్ల పేలతాయి. భోగిమంటలా ఒక్కసారిగా ఎగిసే మంట కుండకు పనికిరాదు.

నాలుగింటికి పేర్చడం. గోతి అడుగున నాలుగు వేళ్ల మందం పొడి బూడిద, దానిమీద పిడకల వరస, మధ్య ఖాళీలు ఊకతో నింపాలి. బోర్లించే గిన్నెల మూతులు ఊక, పేడపొడి కలిపిన మెత్తటి పరుపులో ఒక అంగుళం దిగాలి. బయట మూతి అంచున వచ్చే నల్లపట్టీ సరిగ్గా ఈ దిగిన మేరకే వస్తుందా అన్నది చూడవలసిన విషయం. అందుకని రెండు గిన్నెలను కావాలనే రెండంగుళాలు దించి, వాటి సంఖ్యలు విడిగా రాసుకోండి. గిన్నెకూ గిన్నెకూ మధ్య మూడు వేళ్ల సందు ఉండాలి, గాలి అందులోంచే తిరుగుతుంది. చుట్టూ పిడకలు ఏటవాలుగా నిలబెట్టి, పైన ఒక వరస పరిచి, గడ్డి కప్పండి. కుమ్మరి ఆవంలో (కుండల బట్టీలో) చేసినట్టు పైన తడిమట్టి మెత్తకండి. ఆవానికి వేడి నిలవడానికి అది సరైన పనే కానీ ఇక్కడ గాలి మూసుకుపోయి గిన్నెలన్నీ బయట కూడా నల్లబడతాయి.

వేడి కొలవడానికి కె-టైపు థర్మోకపుల్స్ రెండు, ఒక డిజిటల్ మీటరు కొనండి. లోహపు తొడుగు ఉన్నవే తీసుకోండి. ప్లాస్టిక్ పూత తీగలు మంటలో కరిగిపోతాయి. ఒకటి ఊక కూరిన గిన్నె లోపలికి, మూతి కిందుగా దూర్చి సందును మట్టితో మూయాలి. రెండోది అదే గిన్నె బయటి గోడకు ఆనించాలి. అయిదు నిమిషాలకోసారి ఇద్దరు పిల్లలు రెండు అంకెలూ చదివి రాస్తారు. గ్రాఫు కాగితం మీద పెద్దగా గీస్తూపోతే చూసేవాళ్లు అక్కడే గుమిగూడతారు, మంటకు దూరంగా.

నాలుగున్నరకు అంటించండి, గాలి వచ్చే వైపు కాదు, పోయే వైపు. అప్పుడు మంట గాలికి ఎదురుగా నిదానంగా పాకుతుంది. గంట, గంటన్నరలో పతాకస్థాయికి వస్తుంది. ఆరు దాటాక చీకటి పడుతుంటే సందుల్లోంచి కాలుతున్న మట్టి రంగు కనిపిస్తుంది. మసక ఎరుపు అయితే 600, 650 డిగ్రీలు, పండు ఎరుపు అయితే 750 పైమాట. పట్టపగలు ఈ రంగు కంటికి ఆనదు, అందుకే సాయంత్రం పెట్టుకోమనడం.

పిడకలు మంట మాని కణకణలాడుతున్నప్పుడు అసలు పని ఉంటుంది. పొడవు ఇనపచువ్వతో గిన్నెల పొట్ట మీది బూడిదను మెల్లగా పక్కకు తొలగించండి. ఇంకా వేడిగా ఉన్న గోడకు గాలి తగిలి, అప్పటిదాకా మసిగా ఉన్నది పది, పదిహేను నిమిషాల్లో ఎర్రబడుతుంది. చూసేవాళ్లందరికీ ఆ మార్పు కళ్లముందే కనిపిస్తుంది, ఈ రెండు రోజుల్లోకెల్లా ముఖ్యమైన పావుగంట అదే. చువ్వ మూతుల దగ్గరి పరుపును మాత్రం తాకకూడదు. అక్కడ చిన్న కన్నం పడినా లోపలికి గాలి దూరి నలుపు కాలిపోతుంది.

ఇక రాత్రంతా వదిలెయ్యాలి. లోపలి కార్బన్ నాలుగైదు వందల డిగ్రీల వేడిలో గాలి తగిలితే మండిపోతుంది. ఏడింటికి ‘చూద్దాం ఒక్కటి’ అని ఎత్తితే ఆ గిన్నె లోపల చూస్తుండగానే తెల్లబడి, ఎర్రబడుతుంది. పైగా చల్లగాలికి ఒక్కసారిగా బిగుసుకుని పగుళ్లిస్తుంది. మంచు పడకుండా ఇటుకల మీద ఎత్తుగా రేకు కప్పి, కాపలా మనిషిని పెట్టండి.

ఆదివారం పొద్దున రెండు కొలతలూ 60 డిగ్రీలకు దిగాక తెరవండి. ఒక్కోదాన్ని తీసి, వరస సంఖ్య చదివి, నల్లబల్ల మీది అంచనా పక్కన ఫలితం రాయించాలి. ఫలితాలను ఇలా చదవొచ్చు. లోపలా బయటా నల్లగా ఉంటే గాలి చాలలేదు, లేదా బూడిద తొలగించడం ఆలస్యమై గోడ చల్లారిపోయింది. లోపల ఎర్రగా వస్తే మూతి దగ్గర గాలి దూరింది, లేదా ఊక వదులుగా కూరడంవల్ల త్వరగా కాలి అయిపోయింది. పొట్టమీద నల్లమచ్చలుంటే అక్కడ పిడక ఆనుకుని ఉంది. గుండ్రటి పెంకు ఊడితే తేమ. మూతి నుంచి నిలువునా పగిలితే ఆరడంలోనో, చల్లారడంలోనో తొందర. రెండో జట్టులో బోర్లించిన ఖాళీ గిన్నెలు కొన్ని బూడిదరంగుకు, కొన్ని సగం నలుపుకు రావచ్చు. ఆ తేడాలే చర్చకు మంచివి, వాటిని చెత్తలో వెయ్యకండి.

తరవాత జట్టుకొకటి చొప్పున మూడు గిన్నెలు జనం ముందే పగలగొట్టండి. గోడ మధ్యలో రంగు చూడాలి. బయట ఎర్రగా ఉన్నా నడిమి నల్లగా ఉంటే వేడి నిలిచిన సమయం చాలక మట్టిలోని సేంద్రియ పదార్థం పూర్తిగా కాలలేదన్నమాట. విజయవాడ బాపు మ్యూజియంలోనో, అమరావతి మ్యూజియంలోనో పెంకులు చూసేటప్పుడు పిల్లలు ఇకపైన ఉపరితలం కాదు, పగిలిన అంచు చూస్తారు. మరో రెంటిని తూచి, ఒకరోజు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. ఇలా ఆరుబయట కాల్చిన గిన్నె తన బరువులో పది నుంచి ఇరవై శాతం నీరు పీల్చడం మామూలే.

ఊక కూరిన ఎనిమిదీ చక్కగా నలుపు-ఎరుపులో వచ్చాయనుకోండి. మైకు పట్టుకుని ‘శాతవాహనుల రహస్యం కనుక్కున్నాం’ అనొద్దు. ఇలా చేసినా వస్తుంది అని తేలింది, ఇలాగే చేశారని కాదు. వేడిమీద తీసి ఊకలో బోర్లించినా దాదాపు ఇదే రంగు వస్తుంది కదా. ఈ తేడా స్పష్టంగా చెప్పగలగాలనే ఇంత ఏర్పాటు. అందుకు ఒక పద్ధతి ఉంది. మూడు రంగుల అట్టలు చేయించండి: ‘ఆధారం ఉంది’, ‘మా ఊహ’, ‘సౌకర్యం కోసం’. నలుపు-ఎరుపు గిన్నెల ఆకారానికి మొదటిది, ఊక కూరడానికి రెండోది, ప్లాస్టిక్ బకెట్‌కు మూడోది. ఏ వస్తువు ముందైనా ఒక అట్ట ఉండాల్సిందే.

వేషాలకూ ఇదే. అమరావతి శిల్పాల్లో తలపాగాలు, నడుము బట్టలు, నగలు వివరంగా కనిపిస్తాయి, కుట్టిన జాకెట్లు, చొక్కాలు దాదాపు కనపడవు. పిల్లలు బనియన్ మీద నూలు ధోవతి కట్టి ‘సౌకర్యం కోసం’ అట్ట పెట్టుకుంటే సరి. అద్దె నాటకం దుస్తుల పాలిస్టరు మంట దగ్గరకు రాకూడదు, అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. గౌతమీపుత్ర శాతకర్ణిగా నటించే పిల్లవాడికి ఎవరైనా ప్రశ్న వేస్తే కల్పించి చెప్పక తప్పదు. అందుకని ‘నేను పదో తరగతి విద్యార్థిని, వాళ్ల కాలం గురించి చెప్తున్నాను’ అని మాట్లాడించండి.

సీసం నాణేలు వద్దు. శాతవాహనులు సీసంతో నాణేలు వేసిన మాట నిజం, ఓడ బొమ్మ ఉన్నవీ ఉన్నాయి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి తేలిక అనిపిస్తుంది కూడా. కానీ ఆ ఆవిరి, ధూళి పిల్లల మెదడుకు హాని. చెక్క అచ్చు చెక్కించి మట్టిబిళ్లల మీద కొట్టించండి. తాటాకు రాతకు గంటం, దీపపుమసి, నూనె ఉంటే చాలు. భట్టిప్రోలు ధాతుపేటికల (బౌద్ధ అవశేషాలు దాచిన పెట్టెల) మీది అక్షరాలు పెద్దగా అచ్చువేసి పెడితే ఒక్కొక్కరు తమ పేరు గీసుకుంటారు.

వంటలో మిరపకాయ ఉండకూడదు. గుంటూరులో ఇది వినడానికి ఇబ్బందే, అయినా మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి రాకతో, 16వ శతాబ్దంలో వచ్చింది. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న కూడా అక్కడివే. మిరియాలు, పిప్పళ్లు, అల్లం, నువ్వులనూనెతో ఉలవచారు, పెసరపప్పు, కొర్రన్నం పెట్టండి. ఊరివాళ్లు ఎక్కువసేపు నిలబడి మాట్లాడేది ఈ బల్ల దగ్గరే.

కుమ్మరులను పిలిస్తే రోజుకూలీ, రానుపోను ఖర్చులు ముందే మాట్లాడుకుని గురువుల స్థానంలో కూర్చోబెట్టండి. వాళ్లు రెండు వేల ఏళ్ల నాటి నమూనాలు కారు, ఈనాటి పనివాళ్లు. మట్టి తడి, మంట నిదానం మీద వాళ్ల మాటే ఆఖరు. శాతవాహనుల పద్ధతి ఇదేనా అన్నదానికి మాత్రం వాళ్ల అలవాటు ఒక్కటే రుజువు కాదు.

చట్టం సంగతి. ఉండవల్లి, అమరావతి లాంటి కేంద్ర రక్షిత కట్టడాల ఆవరణలో గొయ్యి, నిప్పు ఆలోచనే వద్దు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కట్టడం హద్దు నుంచి నూరు మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీ మైదానం పాటిదిబ్బ పక్కనైతే అక్కడా తవ్వకండి. గొయ్యి తీస్తుంటే పాత వస్తువేదైనా బయటపడితే పని ఆపి రెవెన్యూ, పురావస్తు శాఖలకు చెప్పాలి. ప్రయోగపు బూడిద, పెంకులు పాత స్థలాల దగ్గర పారబోయొద్దు.

మంటకు అయిదు మీటర్ల దూరంలో తాడు, లోపల ఇద్దరే పెద్దలు, తోలు చేతితొడుగులు, డ్రమ్ము నీళ్లు, నాలుగు బకెట్ల ఇసుక. ఫైర్ స్టేషన్‌కు ముందే ఉత్తరం ఇవ్వండి. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టూత్‌పేస్టు, ఇంకు పూయనివ్వకండి.

గొయ్యి పూడ్చేటప్పుడు సగం మాత్రం శుభ్రం చెయ్యండి. తక్కిన సగంలో బూడిద, రెండు పగిలిన గిన్నెలు ఉన్నచోటే ఉంచి, కొలతలతో పటం గీసి, మట్టి కప్పి నాలుగు మూలలా రాళ్లు పాతండి. ఇంగ్లండులో ఓవర్టన్ డౌన్ దగ్గర 1960లో ఒక మట్టికట్ట కట్టి, 2, 4, 8, 16, 32 ఏళ్లకు ఇలా కోసి చూస్తూ వచ్చారు, ప్రణాళికలో ఆపై గడువులు 64, 128 ఏళ్లు. మీకు ఒక వానాకాలం చాలు. వచ్చే జనవరిలో కొత్త పదో తరగతికి పటం చూపించకుండా ఆ సగం తవ్వించి, వాళ్లు గీసింది మీ పటంతో పోల్చండి. ఊక ఎంత మిగిలింది, బూడిద ఎంత అణిగింది, చెదలు, ఎలుకలు ఏం కదిపాయి అన్నవి అందులో తేలతాయి.